పరీక్షలైపోయిన రాత్రే బయల్దేరకు

కన్నా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి నీ ప్లానంతా చదివి వినిపించింది. ఆఖరి పేపరు రాసిన సాయంత్రమే ఖరగ్‌పూర్‌లో కోరమాండల్ ఎక్కుతారట, తెల్లారకముందే విశాఖపట్నంలో దిగుతారట, నీతోపాటు ఇంకో నలుగురట. పగలంతా ఋషికొండ, యారాడ. ఆ రాత్రి పన్నెండింటికి అద్దె బైకుల మీద బయల్దేరి, సూర్యుడు రాకముందే లంబసింగిలో మంచు చూడాలట. మర్నాడు వంజంగిలో మబ్బులు. ఆ తర్వాత హైదరాబాద్ వెళ్ళిపోయి మిగిలిన సెలవులన్నీ పడుకుని లేవడమేనట. ఆవిడ చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, గుండెల్లో దడా పుట్టింది.

ముందు నవ్వు సంగతి చెబుతాను. మొదటి సెమిస్టర్ అవగానే నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని అమ్మమ్మ ఇంటికి రావాలని తోచింది చూడు, దానికి నేనెంత పొంగిపోయానో నీకు తెలీదు. హోటల్ రూమ్ తీసుకుంటామని ఉంటే ఏడ్చేదాన్ని. మీ తాతయ్య అయితే పొద్దున్నే పాలప్యాకెట్ల కోసం వెళ్ళి ముప్పావుగంటకి వచ్చారు. ఐఐటీ మనవడు ఫ్రెండ్స్‌తో వస్తున్నాడని దారిలో ఎంతమందికి చెప్పొచ్చారో ఆయనే ఒప్పుకోరు. మేడ మీద గది కడిగించడం అప్పుడే మొదలుపెట్టాను.

దడ సంగతి ఫోన్లో చెబితే నువ్వు "ఊఁ అమ్మమ్మా, ఊఁ" అంటూ ఇంకో చేత్తో ఏదో టైప్ చేస్తూ ఉంటావు. అందుకే కాయితం మీద రాస్తున్నాను. మీ పిన్ని ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది. డాక్టర్ల రాత చదివీ చదివీ నా రాత కూడా అలాగే తయారైందని మీ తాతయ్య వెక్కిరిస్తారు. అర్థం కాని చోట మీ అమ్మని అడుగు.

చిన్న విషయాలు ముందు అయిపోనీ. టికెట్టు, ఐడీ కార్డు, ఛార్జర్ చూసుకో. మాసిన బట్టలు అక్కడ ఉతకడానికి కూర్చోకు, మూటగట్టి తెచ్చెయ్, ఇక్కడ మెషీనుంది. పై బెర్తు దొరికితే ఇంకొకడికి ఇవ్వకు, ఎక్కిన వెంటనే పడుకో. భువనేశ్వర్‌లో టీ తాగాలి, బరంపురంలో దిగి ఫోటో దిగాలి అనుకోకు. మీకోసం స్టేషన్‌కి మీ తాతయ్య వస్తారు. వద్దని చెప్పి చూశాను, వినలేదు.

మీ అమ్మ భయం రైలు గురించి. 2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర బహనాగాలో జరిగింది ఆవిడ మర్చిపోలేకపోతోంది. దాదాపు 300 మంది పోయారు, నువ్వెక్కేదీ అదే రైలు, అదే దారి. "వేరే రైలు చూసుకోమని నువ్వైనా చెప్పమ్మా" అంది. నేను చెప్పను. రైల్లో నడిపేది నువ్వు కాదు, నీ పని పడుకోవడం. నా భయాలు వేరు. ఉద్యోగమంతా క్యాజువాలిటీలోనూ ఎముకల వార్డులోనూ చేసిన దాన్ని. డిసెంబర్ వచ్చిందంటే, కాలేజీలకి సెలవులిచ్చారంటే, మాకు ట్రాలీలు చాలేవి కావు. ఊరంతా పిక్నిక్కుల కాలం అనుకునేది మాకు పిండికట్ల కాలం. అందుకే నీ ప్లాను వింటుంటే బీచ్‌లూ మంచూ నాకు కనపడలేదు. ఆ రాత్రి పన్నెండు గంటలు ఒక్కటే కనపడింది.

ఆ పన్నెండింటికి నువ్వు ఎన్నాళ్ళుగా సరిగ్గా నిద్రపోలేదో లెక్క వేసుకున్నావా? దీపావళికి మీ హాల్లో ఇల్యూమినేషన్ అని, చట్రాలకి ప్రమిదలు కట్టడానికి రాత్రుళ్ళు మేలుకున్నానని నువ్వే చెప్పావు. ఆ ఫోటోలు నిజంగా బాగున్నాయి. ఒక్కో దీపం వెలిగించడానికి అంత ఓపిక ఉన్న పిల్లలు ఇంకా ఉన్నారా అనిపించింది. ఆ తర్వాత ల్యాబ్ రికార్డులన్నావు, ఆ తర్వాత పరీక్షలు. ఆఖరి వారం రాత్రి మూడింటికి మీ అమ్మకి "పడుకుంటున్నా" అని మెసేజ్ పెట్టావు, మళ్ళీ ఎనిమిదింటికి పరీక్ష హాల్లో ఉన్నావు. ఇదంతా బాకీ కన్నా, నిద్ర బాకీ. పేపరు ఇచ్చేసి బయటికి రాగానే ఒళ్ళు తేలికైపోతుంది, ఎంత దూరమైనా వెళ్ళిపోవచ్చనిపిస్తుంది. బాకీ తీరిపోయిందనుకుంటాం. తీరలేదు. పరీక్ష భయం పోయింది కాబట్టి అప్పటిదాకా మెలకువగా నిలబెట్టినది కూడా పోయింది, అంతే.

పదిహేడు గంటలు వరసగా మేలుకున్న మనిషి చూపు, చేతులు కాస్త మందు పుచ్చుకున్న వాడిలా పనిచేస్తాయని పరీక్షలు పెట్టి మరీ తేల్చారు. 24 గంటలైతే ఇక చెప్పక్కర్లేదు. అందులోనూ రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒంటికి అసలు బుద్ధి ఉండదు. నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సునైనా అడుగు. ఆ వేళలో ఇంజక్షన్ మోతాదు నేను ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుని గానీ సిరంజిలోకి తీసేదాన్ని కాదు. పక్కన ఇంకో నర్సు ఉంటే ఆమె చేత కూడా చదివించేదాన్ని. బైకు మీద అలా చదివి చెప్పేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు నీకో సంగతి చెప్పాలి. చిన్న తాతయ్య ఎందుకు కుంటుతాడని నీ చిన్నప్పుడు అడిగితే, కొబ్బరిచెట్టు మీంచి పడ్డానని చెప్పాడు గుర్తుందా? మీ అమ్మకీ చిన్నప్పుడు అదే చెప్పాడు. మా తమ్ముడు జన్మలో కొబ్బరిచెట్టు ఎక్కినవాడు కాదు. నీకు రాస్తున్నానని పొద్దున్న ఫోన్ చేసి అడిగాను. "చెప్పేయ్ అక్కా, వాడికి పద్దెనిమిది నిండాయిగా" అన్నాడు.

1976 జనవరి, సంక్రాంతి ముందు. నేను నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉన్నాను. వాడు ఇక్కడే విశాఖపట్నంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. మా ఇళ్ళల్లో ఇంజనీరింగ్‌లో చేరిన మొదటివాడు. మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా. బెల్లం దిమ్మలు తూకం వేయిస్తూ ఆ సంగతి చెప్పుకోని రోజు లేదట. పండగ సెలవుల ముందు వాడికి పరీక్షలు. ఆఖరి పేపరు మధ్యాహ్నానికి అయిపోయింది. సాయంత్రం బస్సెక్కితే చీకటి పడేసరికి కశింకోటలో మా ఇంట్లో ఉండేవాడు. అమ్మ అరిసెల పాకం పట్టి ఎదురుచూస్తోంది.

బస్సెక్కలేదు. స్నేహితుడి దగ్గర వాళ్ళ అన్న రాజ్‌దూత్ ఉంది. ఇద్దరూ కలిసి సెకండ్ షోకి వెళ్ళారు. సినిమా వదిలాక టీ తాగి, అర్ధరాత్రి దాటాక రోడ్డెక్కారు. ఇద్దరూ తాగలేదు. ఆ అలవాటే లేదు. స్పీడుగా కూడా వెళ్ళలేదు, ఆ బండి అప్పటి రోడ్డు మీద అంత స్పీడు పోదు కూడా. బండి నడిపింది మా వాడే, స్నేహితుడు వెనక కూర్చున్నాడు. ఇద్దరూ ఆ వారమంతా ఫ్యాక్టరీ పిల్లల్లా రాత్రి షిఫ్టులు పెట్టుకుని ఒకళ్ళని ఒకళ్ళు లేపుకుంటూ చదివారు.

ఆ రోజుల్లో చెరకు సీజన్లో రాత్రుళ్ళు బళ్ళు వరసగా ఫ్యాక్టరీకి వెళ్ళేవి. ఎడ్లకి దారి తెలుసు, అవి నడుస్తూనే ఉంటాయి, బండివాడు చెరకు మీద దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. బండి కింద ఇరుసుకి లాంతరు వేలాడుతూ ఉంటుంది. అనకాపల్లి దాటాక ఆఖరి బండికి ఆ లాంతరు ఆరిపోయింది. తర్వాత వాడు నాతో అన్నమాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "బండి కనపడింది అక్కా. చెరకు గెడలు వెనక్కి వేలాడుతూ, హెడ్‌లైటు వెలుగులో ఆకులు ఊగుతూ, అన్నీ కనపడ్డాయి. చూస్తూనే ఉన్నాను. అది బండి, బ్రేకు వెయ్యాలి అని మాత్రం తట్టలేదు."

కళ్ళు తెరుచుకునే నిద్రపోయాడన్నమాట. రెండు మూడు క్షణాలు. అంతే కావాలి.

స్నేహితుడికి మెడ కింద ఎముక విరిగింది, కొన్నాళ్ళకి అతుక్కుంది. మా వాడికి కుడి తొడ ఎముక. తెల్లవారి నేను డ్యూటీకి వెళ్ళేసరికి మా వార్డులోనే ట్రాలీ మీద ఉన్నాడు. కాలికి కట్టిన బద్ద, మొహం నిండా చెరకాకు గీతలు. నన్ను చూసి మొదట అడిగింది, "నాన్నకి తెలిసిందా?" అని. అప్పట్లో ఇప్పటిలా రాడ్ వేసి వారంలో నడిపించడం లేదు. మోకాలి కింద ఎముకలోంచి పిన్ను దూర్చి, దానికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీంచి బరువు వేలాడదీసేవారు. మనిషి కిందికి జారకుండా కాళ్ళవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టేవాళ్ళం. అలా వెల్లకిలా, తల కిందకీ కాళ్ళు పైకీ, సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది, ఉగాది కూడా వెళ్ళింది. వీపు పుండ్లు పడకుండా పూట పూటకీ స్పిరిట్‌తో రుద్ది పౌడర్ వేసేదాన్ని. నా ట్రైనింగ్‌లో నేను నేర్చుకున్న నర్సింగ్ అంతా మా తమ్ముడి వీపు మీదే నేర్చుకున్నాను.

ఎముక అతికింది గానీ కాలు అంగుళం పొట్టిదైంది. ఆ ఏడు చదువు పోయింది. మళ్ళీ కాలేజీకి వెళ్ళాడు, ఇంజనీరయ్యాడు, ఉద్యోగం చేశాడు, రిటైరయ్యాడు. నీకు తెలిసినవాడే, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. "ఇంతా చేసి ఆ సినిమా అయినా బాగుంటే ఒప్పుకుందును" అంటాడు. కానీ మా నాన్న ఆ మూడు నెలలు మార్కెట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. ఎవరైనా "అబ్బాయి ఎలా ఉన్నాడు గుమస్తా గారూ" అంటారేమోనని తల వంచుకుని దిమ్మలు లెక్కపెట్టుకునేవాడట. వాణ్ణి ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది అంటాడు తమ్ముడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మీరు లంబసింగి వెళ్ళే దారి కూడా అదే. అనకాపల్లి దాటి, కశింకోట మీదుగా పోయి తాళ్ళపాలెం దగ్గర నర్సీపట్నం రోడ్డులోకి తిరుగుతారు. ఇప్పుడు చెరకు బళ్ళు లేవు, రోడ్డు వెడల్పయింది. రోడ్డు పక్కన ఆగిన లారీలున్నాయి. వాటికీ వెనక లైటు ఉండదు.

లంబసింగి వెళ్ళొద్దని నేను అనడం లేదు. చూడాల్సిందే. మూడు వేల అడుగుల పైన ఊరు, డిసెంబర్లో కొన్ని రాత్రులు సున్నా దగ్గరకి దిగిపోతుంది. పొద్దున్నే వంటచెరకు మోసుకొచ్చే వాళ్ళు మంచులోంచి ఒక్కొక్కరే బయటపడుతుంటే చూడాలి. నీ స్నేహితులకి చింతపల్లి కూడా చూపించు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయింది అక్కడే. బెంగాలీ అబ్బాయి ఉన్నాడన్నావు కదా, వాడికి ఈ కథ నచ్చుతుంది. వాళ్ళకి విప్లవవీరులు ఉన్నట్టే మనకీ ఉన్నారని తెలుస్తుంది.

కానీ ఇలా వెళ్ళు. దిగిన రోజూ మర్నాడూ ఎక్కడికీ లేదు. తిను, పడుకో. మధ్యాహ్నం లేచి బీచ్ రోడ్డు దాకా నడువు, సబ్‌మెరైన్ మ్యూజియం చూపించు, రాత్రి పదింటికల్లా మళ్ళీ పక్క. మూడోరోజు మధ్యాహ్నం కారులో బయల్దేరి, వెలుతురుండగానే ఘాటీ ఎక్కి, చింతపల్లిలోనో లంబసింగిలోనో పడుకోండి. అప్పుడు తెల్లవారుజామున మీరు మంచు దగ్గరే ఉంటారు, దానికోసం రాత్రంతా పరుగెత్తనక్కర్లేదు. మన వీధిలో కారు నడిపే అబ్బాయితో మాట్లాడి ఉంచాను, ఘాటీ రోడ్డు వాడికి కొట్టిన పిండి. ముందు రోజు రాత్రి కిరాయికి వెళ్ళొద్దని వాడికీ చెప్పాను, నవ్వాడు. పొగమంచులో పెద్ద లైటు వేస్తే తెల్లగా గోడ కట్టినట్టు అయిపోయి ఏమీ కనపడదు, కింది లైటే వెయ్యాలి. వాడికి తెలుసు, అయినా ముందు సీట్లో నువ్వు కూర్చో. కారు డబ్బులు నేనిస్తాను. "మేము షేర్ చేసుకుంటాం అమ్మమ్మా" అనే కబుర్లు చెప్పకు, నా పెన్షన్ దేనికి?

బైకు మీద వెళ్తేనే మజా అని నీ స్నేహితులు అంటారు. అననీ. నువ్వు కాస్త చిన్నబుచ్చుకుంటావని తెలుసు. "మా అమ్మమ్మ ఒప్పుకోలేదు" అని నా మీద పెట్టేయ్. పిరికివాడివి అనిపించుకోవడం కంటే ముసలిది మొండిది అనిపించడం తేలిక. ఊళ్ళో తిరగడానికి బండి తీసుకుంటే మాత్రం ఇద్దరికీ హెల్మెట్, వెనక కూర్చున్నవాడికి కూడా. ముగ్గురు ఎక్కారని తెలిసిందా, మీ అమ్మకి చెప్పను, చిన్న తాతయ్యకి చెబుతాను. ఆయన వచ్చి నీ ముందు నడిచి చూపిస్తాడు.

కొండలు చూడ్డానికి ఇంకో దారుంది, కిరండూల్ పాసింజరు. పొద్దున్నే విశాఖపట్నంలో ఎక్కితే బొర్రా గుహలు, అరకు. ఆ లైన్లో 58 సొరంగాలు. అద్దాల బోగీకి టికెట్ దొరికితే మీ రాజస్థాన్ అబ్బాయి కిటికీ వదలడు. నాకైతే దీనికే ఓటు. కానీ మీ వయసుకి మంచు కావాలి, నాకు తెలుసులే.

ఇక సముద్రం. ఇక్కడ బతిమాలడం లేదు, చెబుతున్నాను. మోకాలు దాటి దిగడానికి వీల్లేదు, ఎంత ఈత వచ్చినా సరే. మీ ఈతకొలనులో నేర్చుకున్న ఈత సముద్రం ముందు పనికిరాదు. మనకి చేపలు తెచ్చే జాలరిపేట ఆవిడ మొగుడు పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం మీదే ఉన్నాడు. ఆర్కే బీచ్‌లో స్నానానికి మాత్రం దిగడట. "ఆడికే బయం, మీ పిల్లలకి లేదేటమ్మా" అంటుంది.

అలలు ఎక్కడ పెద్దగా విరుగుతున్నాయో అక్కడ ప్రమాదమనీ, మధ్యలో నీళ్ళు నెమ్మదిగా ఉన్నచోట దిగొచ్చనీ కొత్తవాళ్ళు అనుకుంటారు. సరిగ్గా తిరగేసి అనుకుంటారు. ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా. అవి సన్నటి పాయగా వేగంగా వెనక్కి పోయే దారే ఆ నెమ్మదిగా కనిపించే చోటు. అందులో పడితే ఒడ్డువైపు ఈదుతూ అలిసిపోతారు, ఆ అలసటే ప్రాణం తీస్తుంది. ఖర్మకాలి ఎప్పుడైనా అందులో పడితే ఎదురు ఈదకు. తేలుతూ ఉండు, చెయ్యెత్తి పిలువు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదు, ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు. ఇంకో మాట, ఇది ముఖ్యం. ఒకడు కొట్టుకుపోతుంటే వాడి వెనక ఇంకొకడు దూకకూడదు. మా దగ్గరికి ఒకే కాలేజీ నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి రావడానికి కారణం చాలాసార్లు అదే. మొదటివాణ్ణి గజ ఈతగాళ్ళు లాగేవారు, కాపాడదామని వెళ్ళినవాడు దక్కేవాడు కాదు. తాడో, టైరో, ఖాళీ డబ్బానో విసరండి, అరవండి, 112కి కొట్టండి.

2014 జూన్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. పైన డ్యామ్ గేట్లు ఎత్తారు, వీళ్ళు రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి. టీవీలో ఆ దృశ్యం వస్తుంటే మీ అమ్మ నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీ కట్టేయమని ఏడ్చింది. యారాడలో రాళ్ళెక్కి సెల్ఫీ తీసుకుంటానని అన్నావంటే నాకు ఆ టీవీ గుర్తొస్తుంది. ఇసుకలో కూర్చో. మొక్కజొన్న పొత్తు తిను. ముంత మసాలా తిను. ఎంతసేపైనా కూర్చో.

మందు సంగతి కూడా రాసేస్తాను, మళ్ళీ అడగను. పరీక్షలైపోయాయని మీలో ఎవరో ఒకరు తెస్తారు. నువ్వు తాగుతావా లేదా అని ఈ లేఖలో అడగడం లేదు. తాగినవాడు బండి తాళం ముట్టుకోకూడదు, తాగి నీళ్ళ దగ్గరికి పోకూడదు, తాగి పడుకున్నవాణ్ణి వెల్లకిలా వదిలెయ్యకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా. లేపితే లేవకపోతే 108కి ఫోన్ చెయ్యి, ఇంట్లో తిడతారని ఆగకు. నా ఇంట్లో నేను ఎవర్నీ తిట్టను, ముందు మనిషిని చూస్తాను. తిట్లు తర్వాత.

అసలు నువ్వు తీరిగ్గా కూర్చోవడం ఎప్పుడు నేర్చుకున్నావు గనక? ఇంటర్ రెండేళ్ళూ ఆ హాస్టల్లో తెల్లవారుజామున లేపడం, రాత్రి దాకా స్టడీ అవర్సు, ఆదివారం కూడా టెస్టు. ఫోన్లో అయిదు నిమిషాలిచ్చేవారు, ఆ అయిదు నిమిషాల్లో కూడా ర్యాంకే చెప్పేవాడివి. సెలవులిచ్చినా వాటికో టైమ్‌టేబుల్ వేసుకున్నావని ఇప్పుడు నీ ప్లాను చూస్తే అర్థమైంది. నాలుగింటికి దిగడం, ఆరింటికి బీచ్, పన్నెండింటికి లంబసింగి, ఐదింటికి మంచు. ఇదీ స్టడీ అవర్ లాగే ఉంది నాన్నా. ఒకపూట ఏమీ చెయ్యకుండా మేడ మీద పడక్కుర్చీలో కూర్చుంటే ఎవరూ మార్కులు కొయ్యరు. మొదటిరోజు చిరాగ్గా ఉంటుంది, చెయ్యి ఫోన్ కోసం వెతుకుతుంది. రెండోరోజుకి సర్దుకుంటుంది.

మ్యాథ్స్ పేపరు సరిగ్గా రాయలేదని మీ అమ్మతో అన్నావట. గ్రేడ్లు ఈ సెలవుల్లోనే వస్తాయి కదా. రాగానే చెప్పెయ్, దాచుకుని తిరగకు. ఎంత వచ్చినా సరే. ప్రశ్నపత్రం ముందేసుకుని ఎన్ని తప్పో లెక్కపెట్టుకోవడం మాత్రం రైల్లోనే ఆపెయ్. దిద్దేవాళ్ళు దిద్దుతారు. నిన్ను చేర్పించడానికి వచ్చినప్పుడు ఆ పాత హిజ్లీ జైలు భవనం ముందు నిలబెట్టి ఫోటో తీయించాను, నువ్వేమో ఎండగా ఉందని విసుక్కున్నావు. 1931లో తెల్లవాళ్ళు ఖైదీల మీద కాల్పులు జరిపి ఇద్దర్ని చంపిన చోట, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి మన ఐఐటీ పెట్టుకున్నాం. అక్కడ నువ్వు నిలబడ్డావు. ఆ ఫోటో మా ఫ్రిజ్ పక్కనే ఉంది. అందులో నీ సీజీపీఏ కనపడదు.

చుట్టాలు మాత్రం అడుగుతారు. మొదటి సెమిస్టరే అయిందని తెలిసి కూడా "ప్యాకేజీ ఎంత రావచ్చు" అంటారు. నవ్వి ఊరుకో, ఇంకో గారె వేసుకో.

హైదరాబాద్ వెళ్ళాక సెలవులన్నీ నిద్రపోతానన్నావు. మొదటి మూడు నాలుగు రోజులు పడుకో, నిన్ను లేపొద్దని మీ అమ్మకి నేను చెబుతాను. ఆ తర్వాత మాత్రం పొద్దున్న ఎనిమిదింటికల్లా లేచి కాసేపు ఎండలోకి వెళ్ళు. లేకపోతే పగలు రాత్రి తిరగబడిపోయి, జనవరిలో క్లాసులు మొదలయ్యేసరికి మళ్ళీ మూడింటికి గానీ నిద్ర పట్టదు. ఇంకోటి, పరీక్షలైన వారంలోనే జ్వరమో జలుబో తగులుకోవడం మామూలే. మా నర్సింగ్ పిల్లల్లో ఏటా చూసేదాన్ని. కంగారు పడకు, యాంటీబయాటిక్ కొనేసి మింగకు. నాకు ఫోన్ చెయ్.

వంట విషయం. కార్తీకం అయిపోతుంది కాబట్టి చేపకి అడ్డు లేదు. బెంగాలీ అబ్బాయికి వంజరం వేపుడూ పులుసూ చేస్తాను, వాడు మా వంటకి వంక పెడితే పెట్టనీ, చేప గురించి వాళ్ళకి ఆ హక్కుంది. మార్గశిర గురువారం నాడు మాత్రం మన ఇంట్లో నీచు వండం. ఆ రోజు నేను పొద్దున్నే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్తాను. నువ్వూ వస్తానంటే సంతోషం, పడుకుంటానంటే ఇంకా సంతోషం. రాజస్థాన్ అబ్బాయి శాకాహారి అన్నావు, వాడికి ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ. తిరిగి వెళ్ళేటప్పుడు అందరికీ మాడుగుల హల్వా తెప్పించి ఉంచుతాను.

మీలో ఒకబ్బాయికి ఆయాసం ఉందని, చలికాలం ఎక్కువవుతుందని మీ అమ్మ చెప్పింది. లంబసింగి చలిలో, చలిమంటల పొగలో అది ఎదురుతిరగొచ్చు. ఇన్‌హేలర్ ఖరగ్‌పూర్‌లో మర్చిపోకుండా తెచ్చుకోమను, ఇంకోటి అదనంగా బ్యాగులో పెట్టమను. మందు పేరు ఫోటో తీసి నాకు ఈ రాత్రికే పంపు. ఇక్కడ మెడికల్ షాపులో ఉందో లేదో ముందే కనుక్కుంటాను, చింతపల్లి వెళ్ళాక వెతుక్కోలేం.

మీ అమ్మమ్మ